తెలుగు స్ట్రింగులు చూడ్డానికి ఒకటే, అయినా పైథాన్ ఫాల్స్ ఎందుకంటోంది?

రెండు ఎక్సెల్ షీట్లలోని ఊరి పేర్లు == తో పోలుస్తుంటే, అచ్చం ఒకేలా కనిపిస్తున్న "హైదరాబాద్"కి కూడా ఫాల్స్ వస్తోంది, స్ట్రిప్ కొట్టినా లాభం లేదు అన్నారు కదా. నేను మండలాల లిస్టులు కలిపే పని చేసినప్పుడు ఎక్కువగా తగిలింది ఇదే, చాలావరకు జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్కపక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనపడని గుర్తు) పనే అయ్యుంటుంది.

== కి మన అక్షరాలతో పనిలేదండి, అది చూసేది యూనికోడ్ ప్రమాణంలో ఒక్కో గుర్తుకీ ఇచ్చిన నంబర్లు, అంటే కోడ్‌పాయింట్లు, మొదటి నుంచి చివరిదాకా ఒక్కోటీ సరిపోవాలంతే. హైదరాబాద్ మనకి ఐదక్షరాలు, పైథాన్‌కి మాత్రం 9: హ, ఐత్వం, ద, ర, దీర్ఘం, బ, దీర్ఘం, ద, పొల్లు. ఇప్పుడు "హైదరాబాద్‌లో" అని రాసేటప్పుడు ల అనేది ద కింద ఒత్తుగా పడకుండా పొల్లు తర్వాత ఆ జాయినర్ పెడతారు, అక్కణ్ణుంచి ఊరి పేరు వరకే కాపీ చేసినా అది తోకలా వచ్చేయొచ్చు, లెన్ (పొడవు) చూస్తే 10 వస్తుంది. స్ట్రిప్ ఖాళీల్నే తీస్తుంది, ఇది పైథాన్ లెక్కలో ఖాళీ కాదు. ప్రింట్‌లో కూడా కనపడదు, రెపర్ ఫంక్షన్‌లో పెట్టి చూడండి, చివర్లో దాని నంబరు 200సి అని బయటపడుతుంది.

ఇంకోటి ఐత్వం. ఇది ఒకే కోడ్‌పాయింట్‌గా (0సి48) ఉండొచ్చు, లేదా ఎత్వం, దాని కింద గుర్తు విడివిడిగా (0సి46, 0సి56) ఉండొచ్చు, రెండూ చూడ్డానికి ఒకటే. యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లో నార్మలైజ్‌కి ఎన్‌ఎఫ్‌సీ (విడి గుర్తుల్ని కలిపి ఒకటిగా రాసే పద్ధతి) అని ఇస్తే రెండూ ఒకటైపోతాయి. కానీ జాయినర్‌ని అది ముట్టుకోదు, ఎన్‌ఎఫ్‌కేసీ అనే ఇంకో పద్ధతి కూడా అంతే, రీప్లేస్‌తో మీరే తీసెయ్యాలి.

దయచేసి అసలు కాలమ్‌లోంచి మాత్రం తీసెయ్యకండి. "సాఫ్ట్‌వేర్" కాస్తా "సాఫ్ట్వేర్" అయిపోతుంది, చదివేవాళ్ళకి చాలా ఇబ్బంది. పోల్చడానికి పక్కన ఇంకో కాలమ్ పెట్టుకుని, ముందు ఎన్‌ఎఫ్‌సీ చేసి, జాయినర్లు తీసి, స్ట్రిప్ కొట్టి అందులో పెట్టండి, మ్యాచింగ్ అంతా దాంతోనే. లోవర్ వాడమని కొందరు చెప్తారు గానీ తెలుగులో పెద్దబడి చిన్నబడి లేవు కాబట్టి అది ఇంగ్లీష్ పేర్లకే పనికొస్తుంది.

సార్టింగ్ కూడా చేస్తారేమో, < కూడా కోడ్‌పాయింట్ నంబర్లనే చూస్తుంది. యూనికోడ్‌లో ళ నంబరు వ కంటే ముందుంది, అందుకని "కళ" వచ్చాక "కవి" వస్తుంది, బళ్ళో నేర్చుకున్న వర్ణమాల ప్రకారం ళ అయితే హ తర్వాత. ఆ వరసే కావాలంటే సార్టెడ్‌కి సొంత కీ ఫంక్షన్ రాసి ఇవ్వాలి.