ఎనిమిది అయ్యాక ఇంట్లో చదువు, జూన్‌లో ఎక్కడ మొదలెట్టాలి?

ఖమ్మం నుంచి ఒక తల్లి అడిగారు. బాబు ఎనిమిదో తరగతి అయిపోయింది, బడి అంటేనే భయపడుతున్నాడు, ఈ జూన్ నుంచి ఇంట్లోనే చదివిస్తాం, పొద్దున 8 నుంచి సాయంత్రం 4 దాకా టైంటేబుల్ వేసి గోడకి అంటించా, రేపు ఇంటర్‌కి ఇబ్బంది అవుతుందా అని.

అమ్మా, ముందు ఆ టైంటేబుల్ గోడ మీద నుంచి తీసేయండి. బడిలో హాజరుకీ, గోల ఆపడానికీ, నలభై మంది నోట్సులు దిద్దడానికే బోలెడు టైం పోతుంది, ఇంట్లో మీరు పక్కన కూర్చుంటే మూడు గంటలు చాలు, భయపడి వచ్చిన పిల్లాడికి మళ్లీ ఇంట్లో కూడా బడే కనిపిస్తే ఇంక ఎక్కడికి పోతాడు చెప్పండి.

మొదటి రెండు వారాలు కొత్త పాఠాలొద్దు. వాడు నిజంగా ఎక్కడున్నాడో చూడండి. నా దగ్గరికి వచ్చిన ఒక పిల్లాడికి లెక్కల్లో మంచి మార్కులే, కానీ 1/2కి 1/3 కలపమంటే 2/5 అని రాశాడు, పైవి పైవి కిందవి కిందవి కలిపేశాడన్నమాట. సగం దోసెకి ఇంకో ముక్క కలిపితే సగం కంటే తగ్గుతుందా నాన్నా అంటే చాలాసేపు ఆ కాగితం వంకే చూసి వాడే కొట్టేశాడు. ఇలాంటివి దొరికితే ఆరో తరగతి పుస్తకానికి వెళ్లడానికి మొహమాటపడకండి.

ఇక పరీక్ష సంగతి. ఎన్ఐఓఎస్‌లో, అంటే బడికి వెళ్లకుండా ఇంట్లో చదివి పరీక్ష రాసే జాతీయ ఓపెన్ స్కూల్‌లో, పదో తరగతి రాయాలంటే 14 ఏళ్లు నిండాలి, అయిదు సబ్జెక్టులు పాసవ్వాలి, తెలుగు మీడియం కూడా ఉంది. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, ఏప్రిల్-మేలో ఒకటి, అక్టోబర్-నవంబర్‌లో ఒకటి. అడ్మిషన్ అయిదేళ్లు నడుస్తుంది కాబట్టి ఒక సబ్జెక్టు పోయినా మళ్లీ రాసుకోవచ్చు, కంగారు లేదు. ఇంటర్‌లో ఎంపీసీ గానీ బైపీసీ గానీ అనుకుంటే మాత్రం తేలిగ్గా ఉంటాయని వేరేవి పెట్టించకండి, మ్యాథ్స్, సైన్స్ ఇప్పుడే తీసుకోండి, చాలామంది ఇక్కడే పొరపాటు చేసి తర్వాత నా దగ్గరికొచ్చి ఏడుస్తారు. సైన్స్‌కి ప్రాక్టికల్స్ ఉంటాయి, స్టడీ సెంటర్‌ ఇంటికి దగ్గర్లో ఉండేలా చూసుకోండి. టీఎంఏ అని అసైన్‌మెంట్లు కూడా ఉంటాయి, వాటి మార్కులు కలుస్తాయి, వదిలెయ్యొద్దు.

టీసీ ఈ వారమే తెచ్చుకోండి, అందులో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం సరిపోవాలి. ఆ తేదీ నాకు చెప్తే బాబు ఏ పరీక్షకి వస్తాడో లెక్కేసి చెప్తాను.