చుక్కలు లేవలేదని పరికరాన్ని అనుమానించకు

చిరంజీవి మేనకోడలికి,

రాత్రి ఫోన్లో నీ గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. పరీక్ష వారంలో ఉంది, డబ్బు కూడబెట్టి కొన్న పాత బ్రెయిలీ డిస్‌ప్లే (తెర మీది అక్షరాలను వేళ్లకు తగిలే చుక్కలుగా లేపే పరికరం) మీద ఒక్క చుక్క లేవదు. దాంతో వచ్చిన సీడీలోని డ్రైవర్‌ను సంతకం లేదని విండోస్ ఒప్పుకోవడం లేదన్నావు. ఎవరికైనా ఏడుపొస్తుంది. ఫోన్లో చెబితే సగం జారిపోతుందని రాస్తున్నాను.

డ్రైవర్ అంటే పరికరాన్ని కంప్యూటర్‌తో కలపడానికి సిస్టమ్ లోలోపలికి వెళ్లి పనిచేసే ప్రోగ్రాం. అది ఎవరు చేశారో, మధ్యలో ఎవరైనా మార్చారేమో తెలియడానికే డిజిటల్ సంతకం. 64 బిట్ విండోస్‌లో విస్టా రోజుల నుంచీ ఈ పట్టింపు ఉంది. 2016లో విండోస్ 10 1607 వెర్షన్‌తో ఇంకా బిగించారు. నీ సీడీలోని డ్రైవర్‌కు ఆ సంతకం లేదు, అంతే. పరికరం పాడైందనుకోకు.

ముందు విండోస్ కీతో ఎక్స్ నొక్కి, తర్వాత ఎమ్ నొక్కు. డివైస్ మేనేజర్ వస్తుంది. డిస్‌ప్లే పేరు మీద ఎంటర్ కొట్టి, ట్యాబ్‌తో డివైస్ స్టేటస్ దాకా వెళ్లి చదివించుకో. కోడ్ 28 అంటే డ్రైవరే ఎక్కలేదు. 52 అంటే ఎక్కింది గానీ సంతకం కుదరలేదు.

ఇప్పుడు అసలు సంగతి. నీకు ఆ డ్రైవర్ నిజంగా కావాలా? సీడీ ఇచ్చారు కాబట్టి వేయాల్సిందే అనుకుంటాం. తెరను చదివి వినిపించే మన ఎన్‌వీడీఏ ప్రోగ్రాం చాలా డిస్‌ప్లేలను తనంతట తనే గుర్తుపడుతుంది. ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, ఏ కలిపి నొక్కి, ఆటోమేటిక్ ఎంచుకుని చూడు. డిస్‌ప్లేలో బ్లూటూత్ ఉంటే జత చేసి చూడు, యూఎస్‌బీ డ్రైవర్‌తో పనే ఉండదు. రెండూ కాకపోతే తయారీదారు సైట్లో కొత్త డ్రైవర్ వెతుకు. అది దొరికితే, కేబుల్ పీకేసి ఇన్‌స్టాల్ చేసి, ఆ తర్వాతే గుచ్చు.

నీ స్నేహితురాలు చెప్పిన చిట్కా నాకూ తెలుసు: అడ్వాన్స్‌డ్ స్టార్టప్‌లోకి వెళ్లి, స్టార్టప్ సెట్టింగ్స్‌లో 7 నొక్కి సంతకం తనిఖీని ఆపడం. నేనూ ఒకసారి చేశాను. ఆ సాయంత్రం చుక్కలు చక్కగా లేచాయి, ఎంత సంతోషపడ్డానో! పొద్దున్నే కంప్యూటర్ పెట్టేసరికి డిస్‌ప్లే మళ్లీ మోడువారింది. ఆ వెసులుబాటు ఒక్క బూట్‌కే. రీస్టార్ట్ అయితే తనిఖీ తిరిగొస్తుంది, కోడ్ 52 కూడా.

పైగా ఆ తెరల మీద ఎన్‌వీడీఏ గానీ, అలాంటిదే అయిన జాస్ గానీ మాట్లాడవు. చూపున్నవాళ్లు పక్కన లేకుండా అందులోకి దిగకు, హాస్టల్లో ఎవరినైనా కూర్చోబెట్టుకో. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు, అది ముందే రాసిపెట్టుకో. సంతకం లేని డ్రైవర్లను రానిచ్చే టెస్ట్ మోడ్ కోసం, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు కాపలా కాసే సెక్యూర్ బూట్‌ను తీసేయమని ఎవరైనా అంటే మాత్రం వినకు. నీ బ్యాంకు పనులు, నోట్సు అన్నీ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి కదా.

కోడ్ ఎంతొచ్చిందో సాయంత్రం చెప్పు. రెండు రోజుల్లో తేలకపోతే నా డిస్‌ప్లే ఆర్టీసీ కార్గోలో పంపిస్తాను. పరీక్షయ్యేదాకా నీ దగ్గరే ఉంచుకో.

ఆశీస్సులతో,
మీ మామయ్య