కొలత ప్రకారమే అల్లినా టాప్ వదులైందంటే

అక్కా, 36 అంగుళాల ఛాతీకని అల్లిన కాటన్ టాప్ దాదాపు 40కి వచ్చిందన్నారు కదా. పాటర్న్‌లో 10 సెంటీమీటర్లకు 22 కుట్లు, మీకు 20 వస్తున్నాయని మీరే రాశారు. చిక్కంతా అక్కడే. రెండు కుట్లేగా అనిపిస్తుంది గానీ, చుట్టూ ఉన్నవి 200 కుట్లు: 22 లెక్కన 91 సెంటీమీటర్లు, 20 లెక్కన నిండా 100.

ఊలైతే తడిపి కాస్త సర్దుకోవచ్చు. నూలు దారం అలా మాట వినదు, పైగా బరువుకి కిందికి సాగుతుంది. కాబట్టి విప్పడమే మేలు, బాధగానే ఉంటుంది.

విప్పిన దారాన్ని కుర్చీ వీపుకి చుట్టి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి వేలాడదీయండి. వంకరలు పోతాయి. నేనోసారి బద్ధకించి అలాగే అల్లేస్తే మెడపట్టీ అంతా గతుకుల రోడ్డే!

ఇప్పుడు కుట్లు బిగుతుగా రావడానికి 4 మి.మీ. సూదులు పక్కనపెట్టి, సన్నని 3.5తో 15 సెంటీమీటర్ల నమూనా ముక్క అల్లండి. టాప్ గుండ్రంగా అల్లుతున్నారు కాబట్టి ముక్కా అలాగే అల్లాలి. ముక్కను అటూ ఇటూ తిప్పి అల్లితే వెనకవైపు పర్ల్ (ఉల్టా కుట్ల) వరస వేయాలి; చాలామందికి అది వదులుగా పడుతుంది, లెక్క మారిపోతుంది. ఉతికి, పరిచి ఆరబెట్టాకే మధ్యభాగంలో కుట్లు లెక్కపెట్టండి. ఇంకా 21 దగ్గరే ఆగితే 3.25 ప్రయత్నించండి.