పారసీక సైనికుడి ఈటెకు ఏ కర్ర తీసుకోవాలి?

పారసీక (పర్షియా) చక్రవర్తి క్షయార్ష (జెర్క్సీస్) కాలపు సైనికుడి వేషం కోసం ఈటె చేసుకుంటున్నారు. పైన్ కర్ర సరిపోతుందా, యాష్ అనే చెట్టు కర్ర కొనాలా, పొడవెంత ఉండాలి అని అడిగారు. ఇంగ్లండ్‌లో పాతకాలపు సైనికుల వేషాలతో ప్రదర్శనలిచ్చే బృందంతోనే తిరుగుతుంటాను కాబట్టి, చేతిలో పట్టి చూసిన సంగతులు చెబుతాను.

యాష్ కొనండి. కానీ చెట్టు పేరు కంటే ముందు చూడాల్సింది కలపలోని చారలు. కర్రను వెలుతురులో పెట్టి మెల్లగా తిప్పుతూ ఒక్క చార మీదే చూపు నిలపండి. ఆ చార ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగాలి. మధ్యలోనే పక్కకు జారి అంచులో కలిసిపోతే, దెబ్బ పడినప్పుడు కర్ర అక్కడే ఏటవాలుగా చీలుతుంది. ఆ కొస సూదిలా ఉంటుంది, ఎదుటివాడికి ప్రమాదం. దుకాణాల్లో దొరికే నున్నటి గుండ్రటి కర్రల్లో ఈ లోపం తరచూ కనిపిస్తుంది, ఎందుకంటే రంపం చారల దారి చూసి కోయదు. నేనైతే కట్టలో ఉన్నవన్నీ తిరగేసి, ముడి లేనిది దొరికితేనే తెచ్చుకుంటాను. పైన్ ఊరేగింపు వరకే, దెబ్బలాటకు వద్దు.

పొడవు 2 మీటర్ల దగ్గర ఉంచండి. గ్రీకులతో జరిగిన థర్మోపిలే యుద్ధంలో పారసీకుల ఈటెలు గ్రీకులవాటి కంటే పొట్టివని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న, పారసీక రాజధాని సూసా నాటి రంగు ఇటుకల మీద భటుల ఈటెలు తల దాటి కొంచెమే పైకి ఉంటాయి, అడుగు కొస పాదం మీద ఆనుతుంది. పట్టుకునే చోట 25 మిల్లీమీటర్ల మందం నా చేతికి బాగుంది. మొన దూర్చే చోట మెట్టులా కోయకండి, విరిగేది అక్కడే. చిత్రికతో కొద్దికొద్దిగా సన్నం చేయండి.

అడుగున గుండు మర్చిపోవద్దు. క్షయార్ష పదివేల మంది దళంలో వెయ్యిమందికి ఈటె అడుగున బంగారు దానిమ్మకాయ ఆకారపు గుండ్లు, తక్కిన తొమ్మిదివేల మందికి వెండివి ఉండేవని హెరొడోటస్ మాట. కాబట్టి మామూలు భటుడికి వెండి రంగే న్యాయం. గట్టి ఇత్తడి గుండు వేస్తే బరువంతా వెనక్కి లాగుతుంది. చెక్కను తరిమెన పట్టించి గుండు చేయించి, రంగు వేసి, రోకలికి వేసినట్టు కర్ర చివర ఒక పొన్ను వేయండి, కొస పగలదు.

గుర్రపు దళం వేషమైతే మాత్రం కార్నెల్ అనే చిన్న చెట్టు కర్ర కోసం వెతకడం దండగ కాదు. క్రీ.పూ. 396లో ఇప్పటి టర్కీలోని దాస్కీలియం దగ్గర గ్రీకు రౌతుల ఈటెలు పొడవగానే విరిగిపోయాయనీ, పారసీకులు కార్నెల్ బల్లేలతో పన్నెండు మందిని చంపారనీ గ్రీకు రచయిత జెనోఫన్ రాశాడు. కార్నెల్ కర్ర గట్టిది, బరువైనది, కానీ చెట్టు చిన్నది కావడంతో పొడవాటి తిన్నని కొమ్మ దొరకడం కష్టం.

వార్నిష్ వద్దు, చెమట చేతికి జారుతుంది. అవిసె నూనె పలచగా రాసి ఆరనివ్వండి. నూనె గుడ్డలను ఉండ చుట్టి పడేయకండి, వాటంతట అవే అంటుకుంటాయి. ప్రతి ప్రదర్శనకు ముందు మొన కింద వేలితో తడిమి చూడండి. సన్నటి చీలిక తగిలినా జిగురు పెట్టొద్దు, కర్ర మార్చేయండి.