హార్మోన్లను దెబ్బతీసే రసాయనాలపై పరిశోధనకు దారేది?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ (జువాలజీ, కెమిస్ట్రీ) చివరి ఏడాదిలో ఉంది. ప్లాస్టిక్, పురుగుమందుల్లోని రసాయనాలు హార్మోన్లను ఎలా దెబ్బతీస్తాయో పరిశోధిస్తానంటోంది. ఏ కోర్సు చదవాలి? ఉద్యోగం దొరుకుతుందా?

జవాబు: ఈ పేరుతోనే డిగ్రీ ఉందా అని వెతుక్కుంటూ కూర్చోవద్దండి. ఇందులో ప్రధానంగా రెండు రకాల పనులున్నాయి. నీళ్లలో, రక్తంలో అతి కొద్దిగా ఉన్న రసాయనాన్ని పట్టుకుని కొలవడం ఒకటి. అది కణాలను, చేపలను, ఎలుకలను ఏం చేస్తుందో చూడడం మరొకటి. మొదటిదానికి అనలిటికల్ కెమిస్ట్రీ, రెండోదానికి బయోకెమిస్ట్రీ లేదా జువాలజీలో ఎమ్మెస్సీ నయం. ఏ ప్రాక్టికల్స్ అంటే ఇష్టమో అమ్మాయినే అడగండి.

ఈ పనికి ఓపిక ఎంత కావాలో చెప్తాను. 1998లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో జన్యుశాస్త్రవేత్త పేట్రీషియా హంట్ ల్యాబులో, ఏ మందూ ఇవ్వని ఎలుకల అండాల్లో కూడా క్రోమోజోముల లోపాలు ఒక్కసారిగా పెరిగాయి. ఆరా తీస్తే, పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన బోన్లను, నీళ్ల సీసాలను వాడకూడని డిటర్జెంట్‌తో కడిగారని తేలింది. ప్లాస్టిక్ దెబ్బతిని, దాని తయారీలో వాడే, హార్మోన్లను దెబ్బతీసే బిస్ఫినాల్-ఏ అనే రసాయనం బయటికొచ్చింది. పాడైన ప్రయోగాన్ని ఆమె పక్కన పడేయలేదు. దాని వెంటే పడి 2003లో ఫలితాలు ప్రచురించారు. ల్యాబు ప్లాస్టిక్ నుంచి రసాయనం కలిసిపోవడం ఇప్పటికీ తప్పని తలనొప్పే. ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపే థాలేట్లను కొలిచేవాళ్లు ప్లాస్టిక్ ట్యూబులు మానేసి గాజు సామాను వాడతారు, లేకపోతే ట్యూబులోంచి వచ్చిందే శాంపిల్‌లో కనిపిస్తుంది.

పీజీకి ఏపీ పీజీసెట్, సీపీగెట్, సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్షలు రాయించండి. ఆ తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు రూ.37,000, ఇంటి అద్దె అదనం. పీహెచ్‌డీకి హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ, రసాయన సాంకేతిక పరిశోధన సంస్థ ఐఐసీటీ, లక్నోలో టాక్సికాలజీ పరిశోధన సంస్థ ఐఐటీఆర్, ముంబయిలో పునరుత్పత్తి ఆరోగ్యంపై పనిచేసే ఐసీఎంఆర్ సంస్థ చూడొచ్చు.

ఉద్యోగం గురించి మీ టెన్షన్ అర్థమైంది. ప్రభుత్వ సైంటిస్టు పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. పీహెచ్‌డీకి అయిదేళ్లు పడుతుందనే లెక్కేసుకోండి. అయితే మందైనా, పురుగుమందైనా మార్కెట్లోకి రావాలంటే భద్రతా పరీక్షలు తప్పవు కాబట్టి, టాక్సికాలజీ తెలిసినవాళ్లకు హైదరాబాద్ ప్రైవేటు ల్యాబుల్లో పని దొరుకుతుంది. స్టాటిస్టిక్స్ మాత్రం ఇప్పుడే పట్టు సాధించమనండి. మన బయాలజీ పిల్లలు జడిసేది అక్కడే.

ఎమ్మెస్సీలో చేరేముందు సీనియర్లను ఒక్క మాట అడగమనండి: డిపార్ట్‌మెంట్‌లో మాస్ స్పెక్ట్రోమీటర్ (అతి కొద్దిగా ఉన్న రసాయనాన్నీ గుర్తించి కొలిచే యంత్రం) పనిచేస్తోందా, విద్యార్థుల్ని దాన్ని ముట్టుకోనిస్తారా?