నైట్ డ్యూటీ, నిద్రమాత్రలు: ఒక హెడ్ కానిస్టేబుల్‌కు డాక్టర్ సలహా

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలో హెడ్ కానిస్టేబుల్‌ని. నాలుగు నెలల కిందట రోడ్డు ప్రమాదంలో ఒక స్కూలు పాప చనిపోతే శవ పంచనామాకు నేనే వెళ్లాను. అప్పటినుంచి సరిగా నిద్ర పట్టడం లేదు. పట్టినా ఉలిక్కిపడి లేస్తున్నాను. ఆ రోడ్డు మీదుగా వెళ్లడమే మానేశాను. తోటి ఉద్యోగి ఒకరు ఇచ్చిన నిద్రమాత్ర అల్ప్రాజోలమ్ 0.5 మొదట్లో బాగా పనిచేసింది. ఇప్పుడు ఒకటి చాలక రోజూ రెండు వేసుకుంటున్నాను. డ్యూటీ లేని రోజుల్లో రెండు పెగ్గులు తాగుతాను. గురక బాగా ఎక్కువైందని నా భార్య అంటోంది. మెడికల్ క్యాంపులో బీపీ 150/96 ఉందన్నారు, మందులు మొదలుపెట్టలేదు. ఒక్కోసారి ఇదంతా ఎందుకు అనిపిస్తుంది. అలవాటు కాని మంచి నిద్రమాత్ర పేరు చెప్పండి. సర్వీసు రికార్డులోకి ఎక్కుతుందేమోనని డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. పేరు వేయవద్దు.

జవాబు: మీరు అడిగింది మాత్ర పేరు. అది చెప్పను. మిమ్మల్ని చూడకుండా చెప్పకూడదు కూడా. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది వేరే విషయం. బీపీ గురించి, నిద్రమాత్ర గురించి రాస్తూ మధ్యలో ‘ఒక్కోసారి ఇదంతా ఎందుకు అనిపిస్తుంది’ అని ఒక్క మాట రాసి ముందుకు వెళ్లిపోయారు. ముందు దాని గురించే మాట్లాడాలి.

సూటిగా అడుగుతున్నాను. చనిపోవాలనే ఆలోచన వస్తోందా? ఎలా అన్నది కూడా ఎప్పుడైనా మనసులో మెదిలిందా? ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని చాలామంది భయపడతారు. అది అపోహ. అడిగితే మనిషికి చెప్పుకునే దారి దొరుకుతుంది. మీ జవాబు ‘అవును’ అయితే ఈ ఉత్తరం చదవడం ఇక్కడే ఆపి మీ భార్యకో, మీరు నమ్మే ఒక స్నేహితుడికో ఆ మాట చెప్పండి. ఈ రోజే మానసిక వైద్యుడి దగ్గరికో, ఆసుపత్రి ఎమర్జెన్సీకో వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. కాల్ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే 108.

ఇంకొకటి. మీ ఉద్యోగంలో ఆయుధం చేతికందే దూరంలో ఉంటుంది. మనసు బాగాలేని రోజున మనిషికీ ప్రమాదకరమైన సాధనానికీ మధ్య కాస్త దూరం ఉంటే చాలు, ప్రాణం నిలబడే అవకాశం ఎంతో పెరుగుతుంది. ఆ తీవ్రత చాలామందిలో కొద్దిసేపే ఉండి తగ్గుతుంది కాబట్టి ఆ కొద్దిసేపూ గడవాలి. కొన్నాళ్లు ఆయుధం లేని డ్యూటీ వేయమని మీ ఎస్సైనో సీఐనో అడగండి. కారణం వివరంగా చెప్పలేకపోతే ‘డాక్టరు సలహా’ అనండి, అబద్ధం కాదు. ఇంట్లో ఉన్న మాత్రలు మీ భార్య దగ్గర ఉంచండి.

ఇక అల్ప్రాజోలమ్. నా ఓపీకి వచ్చే చాలామంది చేసే పని ఇది, చూసిన ప్రతిసారీ బాధగానే ఉంటుంది. జేబులోంచి ఒక స్ట్రిప్పు ముక్క తీసి బల్ల మీద పెడతారు. షాపులో కత్తెరతో సగానికి కోసి ఇచ్చిన ముక్క. మందు పేరు, గడువు తేదీ అవతలి ముక్కలో ఉండిపోతాయి. ‘ఏం మందు ఇది?’ అంటే ‘నిద్రకండీ’ అంటారు. ఎంత మోతాదో, ఎన్నాళ్లుగా వాడుతున్నారో వారికే సరిగా తెలియదు. ఈ మందు షెడ్యూల్ హెచ్1లో ఉంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చారో షాపువారు రిజిస్టరులో రాయాలి. 2014 మార్చి నుంచి ఉన్న నిబంధన ఇది. చట్టం అమలు చేసే మీరే చీటీ లేని మందు మింగుతుంటే ఏమనాలి? కోపంతో అనడం లేదు, మీ మీద ఆదుర్దాతో అంటున్నాను.

ఈ మందు ఏం చేస్తుందో నిజానికి మీకు తెలుసు. మన రాష్ట్రంలో కల్తీ కల్లులో కలిపే మందుల్లో ఇదొకటి. కల్లు దొరకని రోజున మనుషులు వణుకుతూ, సంబంధం లేకుండా మాట్లాడుతూ, ఫిట్స్‌తో ఆసుపత్రులకు రావడం మేమూ చూశాం, మీ శాఖవారూ చూశారు. మీకు ఒకటి చాలక రెండు కావలసి వస్తోందంటే మీ శరీరం ఇప్పటికే అదే దారిలో నడుస్తోంది. అందుకే గట్టిగా చెబుతున్నాను: ఇది చదివి భయపడి ఈ రాత్రే మాత్రలు ఆపేయవద్దు. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. ఎంత మోతాదు, ఎన్ని వారాల్లో తగ్గించాలో మిమ్మల్ని చూసిన డాక్టరే నిర్ణయించాలి. ఆలోగా మోతాదు పెంచవద్దు. తాగిన రాత్రి పరిస్థితి ఇంకా ప్రమాదకరం. మద్యం, అల్ప్రాజోలమ్ కలిస్తే నిద్రలోనే శ్వాస మందగించి ఆగిపోవచ్చు. రెండు పెగ్గులే కదా అనుకోవద్దు. అయితే రోజూ తాగే అలవాటు ఉండి ఇక్కడ తగ్గించి రాశారేమో, అలాగైతే అదీ డాక్టరుకు చెప్పండి. ఏళ్ల తరబడి రోజూ తాగేవారు మద్యం కూడా హఠాత్తుగా ఆపకూడదు.

గురక సంగతి మీరు మామూలుగా రాశారు. నాకు మాత్రం మామూలుగా అనిపించలేదు. గురక మధ్యలో ఊపిరి ఆగినట్టయి, తర్వాత ఉక్కిరిబిక్కిరై లేస్తున్నారా? పొద్దున తలనొప్పితో లేస్తున్నారా? చొక్కా కాలర్ 17 అంగుళాలకు చేరిందా? అయితే స్లీప్ ఆప్నియా ఉందేమో చూడాలి. నిద్రలో గొంతు కండరాలు వదులై శ్వాసదారి మూసుకుపోయే జబ్బు అది. బీపీ పెరగడానికి, గుండె దెబ్బతినడానికి దారి తీస్తుంది. ఇది ఉన్న మనిషికి అల్ప్రాజోలమ్ ఇస్తే గొంతు కండరాలు ఇంకా సడలిపోతాయి, ఊపిరి ఆగినా మెదడు లేపడంలో ఆలస్యం చేస్తుంది. నిద్ర కోసం మీరు వేసుకుంటున్న మందే నిద్రను చెడగొడుతుండవచ్చు. స్లీప్ స్టడీ, అంటే నిద్రలో శ్వాస ఎలా ఉందో కొలిచే పరీక్ష చేస్తే తేలిపోతుంది. కొన్నిచోట్ల పరికరం ఇంటికే ఇస్తారు. జబ్బు తేలితే మాస్క్ ద్వారా గాలి పంపి శ్వాసదారి తెరిచి ఉంచే సీప్యాప్ యంత్రం, బరువు తగ్గడం ఉపయోగపడతాయి. బీపీ 150/96 అంటే ఒక్కసారి చూసి నిర్ధారించలేం. వారంపాటు ఉదయం, సాయంత్రం చూసి రాసుకోండి. దాంతోపాటు ఈసీజీ, షుగర్, కొలెస్ట్రాల్, థైరాయిడ్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చేయించండి. మెట్లెక్కేటప్పుడు ఛాతీ బిగపట్టినట్టు ఉంటే అది గ్యాస్ అని మీకు మీరే తేల్చుకోవద్దు.

పాప విషయానికి వస్తాను. పంచనామా ఎలా జరుగుతుందో నాకు కొంత తెలుసు. దెబ్బలు ఒక్కొక్కటీ చూసి రాయాలి, బట్టలు, వస్తువులు జాబితా వేయాలి, తల్లిదండ్రులు అక్కడే ఏడుస్తుంటే వారి మాటలూ నమోదు చేయాలి. చేయి వణకకూడదు. ఆ పని అయ్యాక రోల్ కాల్‌కు వెళ్లాలి, మర్నాడు బందోబస్తు. అక్కడ పోగైన భారం దించుకునేందుకు మీకెవరూ సమయం ఇవ్వలేదు. ఉలిక్కిపడి లేవడం, ఆ రోడ్డును తప్పించుకోవడం, నెల దాటినా అవి తగ్గకపోవడం చూస్తే పీటీఎస్‌డీ, అంటే తీవ్రమైన ఘటన తర్వాత వచ్చే మానసిక సమస్య అనిపిస్తోంది. ఉత్తరం చదివి నిర్ధారణ చేయలేను, అనుమానం మాత్రమే. నిజంగా అదే అయితే మంచి చికిత్స ఉంది. ఆ ఘటన మనసులో మిగిల్చిన గాయం మీద పనిచేసే ప్రత్యేకమైన సైకోథెరపీలు, అంటే మాటల ద్వారా చేసే చికిత్సలు, బాగా పనికొస్తాయి. అవసరమైతే అలవాటు కాని కొన్ని మందులూ ఉన్నాయి. అల్ప్రాజోలమ్ వర్గం మందులను మాత్రం ఈ సమస్యకు వాడవద్దనే అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ రాత్రికి ఊరటనిస్తాయి, లోపలి గాయాన్ని మాననివ్వవు.

పోలీసు ఉద్యోగమంటే గట్టి గుండె ఉండాలని శిక్షణలో నేర్పి ఉంటారు. గట్టి గుండె ఉన్నవాళ్లకే ఇది వస్తుంది, ఎందుకంటే అలాంటి చోటికి పంపేది వాళ్లనే. పైగా పని గంటలు. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ పోలీస్ పరిశోధన సంస్థ కోసం చేసిన అధ్యయనం 2014లో వెలువడింది. దేశవ్యాప్తంగా స్టేషన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకు ఎనిమిది గంటలకు మించి పనిచేస్తున్నారని అందులో తేలింది. తమ సిబ్బందికి నెలకు ఒక్క వారపు సెలవైనా దొరకడం లేదని 73.6 శాతం స్టేషన్ అధికారులు చెప్పారు. ఇంత నిద్రలేమి మీద ఎవరి మనసైనా ఎంతకాలం నిలబడుతుంది? అందులో మీ తప్పు లేదు. నాలుగు నెలలు ఎవరికీ చెప్పకుండా ఆలస్యం చేశారు చూడండి, అది మాత్రం తప్పే. మొదటి నెలలోనే వచ్చి ఉంటే అల్ప్రాజోలమ్ గొడవ ఉండేది కాదు.

రికార్డు భయం గురించి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం మీ హక్కు. మీ ప్రాణానికో ఇతరుల ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు, కోర్టు అడిగినప్పుడు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మెడికల్ లీవుకు దాఖలు చేసే సర్టిఫికెట్‌లో ఏం రాస్తారో ముందే డాక్టరును అడగండి. శాఖాపరమైన నిబంధనల మీద సందేహం ఉంటే మీ సంఘం పెద్దలతో మాట్లాడండి. పోలీసు సిబ్బంది వైద్య పథకం ‘ఆరోగ్య భద్రత’ కింద ఏయే పరీక్షలకు వెసులుబాటు ఉందో యూనిట్ కార్యాలయంలో కనుక్కోండి. ప్రభుత్వ జిల్లా ఆసుపత్రి మానసిక విభాగానికి వెళ్లినా సరిపోతుంది. ఊళ్లో అందరికీ మీరు తెలిసిన మనిషే కాబట్టి ఇబ్బందిగా ఉంటే పక్క జిల్లాకు వెళ్లండి.

చికిత్స మొదలయ్యేదాకా చిన్న జాగ్రత్తలు. నైట్ డ్యూటీ దిగాక నిద్ర తూగుతుంటే బండి నడపవద్దు. అల్ప్రాజోలమ్ వేసుకున్న మర్నాడు కూడా చురుకుదనం తగ్గి ఉంటుంది. పడుకోవడానికి ఆరు గంటల ముందునుంచీ టీ వద్దు. పగటి నిద్రకు గదిలో వెలుతురు లేకుండా పరదా వేయండి. ఇవి చేస్తే నిద్ర కొంత నయమవుతుంది, వీటితోనే జబ్బు పోతుందనుకోవద్దు.

ఈ వారం దాటనివ్వకండి. సెలవు దొరకకపోతే నైట్ డ్యూటీ దిగి నేరుగా ఓపీకి వెళ్లండి, బండి మీ భార్యనో స్నేహితుడినో నడపమనండి. వేసుకుంటున్న మాత్రలన్నీ, నొప్పి బిళ్లలతో సహా, సంచిలో వేసుకుని వెళ్లండి. మీ భార్యను లోపలికి కూడా తీసుకెళ్లండి. నిద్రలో ఊపిరి ఆగుతోందో లేదో మీకు తెలియదు, ఆమెకు తెలుసు.