మళ్ళీ ఆపరేషన్ అంటున్నారు... ఇంట్లో చెప్పకుండా చేయించుకోనా?

ప్రశ్న: మాది హన్మకొండ. నాకు 38 ఏళ్ళు. ఐదేళ్ళ కింద హైదరాబాద్‌లో బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. 112 కిలోల నుంచి 74కి వచ్చాను. ఇప్పుడు 91. రాత్రి పడుకుంటే పుల్లటి నీళ్ళు గొంతులోకి వస్తున్నాయి. దాన్ని బైపాస్‌గా, అంటే పొట్టను చిన్న సంచిలా చేసి నేరుగా పేగుకు కలిపేలా, మార్చుకోవచ్చని డాక్టర్ అన్నారు. మా ఆయన 'నోరు కట్టుకుంటే చాలు' అంటారు. అత్తమ్మ చుట్టాల ముందే 'లక్షలు పోసి తగ్గింది, మళ్ళీ ఊరింది' అంటుంది. నా హారం కుదువ పెట్టి, చెల్లె దగ్గరికి పోతున్నానని చెప్పి చేయించుకుందామనుకుంటున్నా. తప్పా?

జవాబు: హారం మీది, ఒళ్ళు మీది. తప్పొప్పుల మాట నేను ఎత్తను. కానీ ఇది దాచి చేయించుకునే ఆపరేషన్ కాదు. ఇంటికొచ్చాక జ్వరం, గుండె దడ, కడుపునొప్పి మొదలైతే కుట్ల దగ్గర లీకేజీ కావచ్చు. అప్పుడు అర్ధరాత్రి అయినా ఆస్పత్రికి పరుగెత్తాలి. హైదరాబాద్ మీకు దాదాపు 140 కిలోమీటర్లు. ఇంట్లో ఒక్కరికైనా సంగతి తెలియకపోతే ఎలా? పైగా మొదట్లో కొన్ని వారాలు జావలూ ద్రవాలే తాగుతుంటే అత్తమ్మ కనిపెట్టకుండా ఉంటుందా!

మీరు రెండు బాధలను ఒకటిగా కట్టి రాశారు. విడదీసి చూద్దాం.

పుల్లటి నీళ్ళు ఒకటి. స్లీవ్‌లో పొట్టలో నాలుగింట మూడొంతులకు పైగా తీసేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా చేస్తారు. ఆ గొట్టంలో ఒత్తిడి పెరిగి కొందరికి యాసిడ్ పైకి తంతుంది. ఇది మీరు తిండి ఆపుకోలేక తెచ్చుకున్న రోగం కాదు. ముందు ఎండోస్కోపీ చేయించండి. అన్నవాహిక పుండు పడిందని తేలి, మందులతో లొంగకపోతే బైపాస్‌గా మార్చడానికి అదే గట్టి కారణం, బరువు సంగతి ఎలా ఉన్నా. అయితే ఏ బైపాస్ అని అడగండి. మినీ బైపాస్‌లో, అంటే పేగును ఒకే చోట కలిపే రకంలో, కొందరికి పైత్యరసం పైకి వచ్చే ఇబ్బంది ఉంటుంది. యాసిడ్ బాధ ఉన్నవాళ్ళకు మామూలుగా పేగును Y ఆకారంలో రెండు చోట్ల కలిపే రూ-ఎన్-వై బైపాస్ వైపే మొగ్గుతారు.

ఇక బరువు. తగ్గిన 38 కిలోల్లో 17 తిరిగొచ్చాయి. అంటే మొదటి రోజుకంటే ఇప్పటికీ 21 తక్కువే. ఈ లెక్క మీ ఇంట్లో ఎవరూ వేసినట్టు లేదు, మీతో సహా. కొన్నేళ్ళకు కొంత బరువు తిరిగి రావడం చాలామందిలో ఉన్నదే. గొట్టం కొంత సాగుతుంది, ఆకలి మళ్ళీ మేల్కొంటుంది. థైరాయిడ్, వాడే మందులు కూడా కారణం కావచ్చు, చూపించుకోండి.

ఏం తింటున్నారో మాత్రం మీరు రాయలేదు. స్లీవ్ అయినవాళ్ళకు రెండు మటన్ ముక్కలు దిగడం కష్టం, కానీ చాయ్‌లో ముంచిన బిస్కెట్లు, సకినాలు గిన్నెడు దిగిపోతాయి. అత్తమ్మ మాట పడ్డ రాత్రి వంటింట్లోకి వెళ్తున్నారా? అదే అయితే దాన్ని ఏ కత్తీ కోయలేదు. రెండో ఆపరేషన్ చెప్పిన చోట డైటీషియన్, సైకాలజిస్టు మీతో మాట్లాడారా? లేకపోతే మరో సర్జన్‌కు చూపించండి.

రెండోసారి కోయడం మొదటిసారంత తేలిక కాదు. లోపల పాత అతుకులు ఉంటాయి, లీకేజీ ముప్పు ఎక్కువ, తగ్గే బరువు సాధారణంగా తక్కువ. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వాడాలి. బరువొక్కటే బాధ అయితే సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్ల గురించి అడగవచ్చు. 2025 నుంచి అవి ఊబకాయానికి మన దేశంలో దొరుకుతున్నాయి. అయితే అవి కడుపు నెమ్మదిగా ఖాళీ అయ్యేలా చేస్తాయి కాబట్టి మీ పుల్లటి నీళ్ళు పెరగవచ్చు. ఆ సంగతి ముందే చెప్పండి.

మీ ఆయనకు మీరు వివరించి అలసిపోయారు. ఈసారి ఆయన్ను డాక్టర్ గదిలోకే తీసుకెళ్ళండి. 'నోరు కట్టుకుంటే చాలు' అనే మాట అక్కడ అనమనండి. ఎండోస్కోపీ బొమ్మ చూపిస్తూ డాక్టర్ చెప్పే జవాబు మీ నోటి నుంచి వచ్చినదానికంటే బరువుగా ఉంటుంది, అన్యాయమే అయినా. అత్తమ్మతో మాట్లాడాల్సింది కూడా ఆయనే, చుట్టాలు వెళ్ళాక.

హారం ప్రస్తుతానికి బీరువాలో ఉండనివ్వండి. మొదటి ఆపరేషన్ డిశ్చార్జి కాగితాలు వెతికి పెట్టుకోండి. రెండో డాక్టర్ ముందు అడిగేవి అవే.